నలభై ఊపిర్లు

ఆకు జబ్బు ఫోటో చూసి చెప్పకూడదు. ఈ మాట ఇవాళ అంటున్నాను గానీ, ఆ వేసవి దాకా నేను ఫోటోలు చూసే చెప్పేదాన్ని. అదీ తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ, ఒక్క కంటితో.

చేపల తొట్లలో వేసుకునే మొక్కలు పెంచుతాం మేము. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో వందకి పైగా సిమెంటు తొట్లు. మా దగ్గర మొక్కలు కొన్నవాళ్లు రోజూ ఏదో ఒక ఫోటో పంపేవాళ్లు. అక్కా, ఆకు పసుపెక్కింది. అక్కా, చిగురు తెల్లబోయింది. నేను అడిగే ప్రశ్న ఒక్కటే: పాత ఆకా, కొత్త ఆకా? ఒంట్లో పొటాష్ తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి లాగి చిగురుకి పెట్టుకుంటుంది, అందుకని పాత ఆకే ముందు చిల్లులు పడుతుంది. ఐరన్‌ని అలా లాగలేదు, అది తక్కువైతే చిగురే పాలిపోతుంది. నా విద్యంతా ఇంతే. దీనికే నన్ను ఆకుల డాక్టరు అనేవాళ్లు, నేనూ వద్దనేదాన్ని కాదు.

"నీకు పొగడ్తే ఎరువు" అనేది మా అత్తయ్య.

ఆవిడ పని ముంచడం. మా షెడ్డు నుంచి బయటికెళ్లే ప్రతి మొక్కా బ్లీచింగ్ నీళ్లలో మునిగి లేవాలి. ఎంత శుభ్రంగా ఉంచినా తొట్లలో నత్తలుంటాయి. వాటి గుడ్లు ఆకు అడుగున జిగురులా అంటుకుని ఉంటాయి, కంటికి ఆనవు. తక్కువసేపు ముంచితే గుడ్లు చావవు. ఎక్కువసేపు ముంచితే ఆకే తెల్లబడి రెండు రోజుల్లో కరిగి నీళ్లలో కలిసిపోతుంది. మందమైన ఆకుకి రెండున్నర నిమిషాలు పెట్టాలి. ఆ రెండున్నర నిమిషాలనీ మా అత్తయ్య తన ఊపిరితో కొలిచేది. నలభై ఊపిర్లు.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేను నవ్వాను. కానీ ఆ షెడ్డులో ఏ గడియారం పెట్టినా ఆ చెమ్మకీ ఆ ఘాటుకీ మూడు నెలలు బతికేది కాదు. చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులుంటే ఫోన్ ఎలా పట్టుకుంటారు? నోటితో అంకెలు పెడితే ఎవరో ఒకరు పలకరిస్తారు, తప్పిపోతుంది. ఊపిరైతే తప్పదు అనేది ఆవిడ. స్టూలు మీద కూర్చుని, ట్రే ముంచి, తొడుగు లోపల బొటనవేలిని ఊపిరికొక వేలి కణుపు చొప్పున జరుపుకుంటూ పోయేది. ఆ నలభైలోనే నాతో ఒక పోట్లాట కూడా పూర్తి చేసేది. "నిన్న గిన్నెలు ఎవరు తోమారే, పిల్లి నాకినట్టున్నాయి" అంటూనే ముప్ఫై తొమ్మిది, నలభై, ట్రే పైకి. పదిహేనేళ్లలో ఒక్క ఆకు కరగలేదు, ఒక్క నత్త బతకలేదు.

ఆ వేసవిలో మాకు పెద్ద పని తగిలింది. ఊరి మధ్యలో జనం చూడ్డానికని పెద్ద చేపల హాలు కడుతున్నారు. రెండంతస్తుల ఎత్తు గాజుతొట్టి, దాని నిండా మొక్కలు. పన్నెండు వారాల్లో తెరుస్తారు, వారానికొక వ్యాను మొక్కలు మేం పంపాలి, ప్రతి సోమవారం. మా ఆయన ఆ గాజు ముందు నిలబడి చూసొచ్చి రెండు రోజులు భోజనం దగ్గర కూడా దాని గురించే మాట్లాడాడు. వాళ్ల తరఫున సరుకు చూసుకునే మనిషిని మేం కళ్లజోడు అనేవాళ్లం, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని తీసి తుడిచేవాడు కాబట్టి. అతను మొదటిరోజే చెప్పాడు. "మీ మొక్కల్ని ముందు బయటి చిన్న తొట్లలో పెట్టి చూసి, ఆఖర్న పెద్ద తొట్లోకి దింపుతాం. అందులోకి ఒక్క నత్త దిగినా ఇక మేం దాన్ని పట్టుకోలేం. మీ సరుకులో ఒక్కటి కనపడితే మీతో పని అక్కడితో ఆఖరు."

మూడో వారంలో అతని దగ్గర్నుంచి ఫోటోలు వచ్చాయి. మేం మొదట పంపిన మొక్కల ఆకులకి చిల్లులు. కత్తాకు అంటాం మేం, పొడుగ్గా వెడల్పుగా ఉండే ఆకు, దానికి సూది గుచ్చినట్టు చిల్లులు.

పాత ఆకులే. నేను రెండోసారి చూడలేదు.

"పొటాష్" అన్నా ఫోన్‌లో. "మందు పెంచి పంపిస్తాం, మీరూ రెండు రోజులకోసారి వెయ్యండి. కంగారేం లేదు."

ఫోన్ పెట్టేసి మా ఆయన మీద పడ్డాను. ఎరువులు కలిపేది ఆయనే.

"కలిపేటప్పుడు ఎటు చూస్తున్నారు?"

"కాగితం మీద నువ్వు రాసిచ్చినంతే కలిపా."

"అయితే నా కాగితం తప్పా?"

"నేనా మాట అన్నానా?"

"వాడు అనలేదు, నువ్వే అన్నావ్" అంది అత్తయ్య, ముంచిన ట్రే మీంచి తల తిప్పకుండా.

పొటాష్ పెంచాం. రెండు వారాలు గడిచాయి. చిల్లులు తగ్గకపోగా చిక్కుడుగింజంత అయ్యాయి. ఐదో వారంలో కళ్లజోడు ఫోన్ చెయ్యలేదు, తనే వచ్చాడు. తడి కాగితంలో చుట్టిన ఆకు ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది ఫోటో కాదు, చూసి చెప్పండి" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆకుని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టాను. పొటాష్ చిల్లు అయితే చుట్టూ పసుపు వలయం ఉండాలి, ఆ పసుపులోంచే చిల్లు పుడుతుంది. దీనికి వలయం లేదు. చిల్లు అంచు వరకూ ఆకు పచ్చగా, నిండుగా ఉంది. అంచులు గీకినట్టున్నాయి. ఒకచోట పైపొర తినేసి అడుగుపొర పల్చటి కాగితంలా మిగిలింది. జబ్బు చేసిన ఆకు కాదది, తిన్న ఆకు. తిరగేసి ఈనె పక్కన గోటితో తడిమాను. ఆవగింజలో సగం ఉంటుంది, గట్టిగా తగిలింది.

దాన్ని గోటికింద నొక్కేసి చెయ్యి దించాను.

"ఏమిటి?" అన్నాడు.

"పొటాషే. మందు ఎక్కడానికి ఇంకో పది రోజులు పడుతుంది. ఈలోపు ఆ పాత మొక్కలన్నీ తీసి పారేసి, ఆ చిన్న తొట్లు కడిగేయండి. వాటి బదులు కొత్తవి మేమే పంపుతాం."

అతను కళ్లజోడు తుడిచి పెట్టుకుని నన్ను చూశాడు. "మీ మాట మీద ఉంటున్నాను" అని వెళ్లాడు.

నత్తలు బతుకుతున్నాయంటే ముంచడంలో తేడా ఉంది. ముందు బ్లీచింగ్ మందు డ్రమ్ము చూశాను. మందు ఘాటు చూసే రంగు కాగితం ముంచితే ఎప్పటిలాగే ముదురుగా వచ్చింది, మందులో లోపం లేదు. ఇంక మిగిలింది సమయం. ఆ మధ్యాహ్నం ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, ఆవిడ వెనకాల ఎరువు బస్తా మీద కూర్చుని ఆకులు ఏరుతున్నట్టు నటించాను. ఆవిడ ట్రే ముంచింది. తీసింది. నిమిషం నలభై సెకన్లు. ఇంకో ట్రే. దాదాపు అంతే.

"అత్తయ్యా, తొందరపడుతున్నారు."

"నలభై పెట్టా."

"నలభై కాలేదు."

"నువ్వు పుట్టకముందు నుంచి ఊపిరి పీలుస్తున్నానే. నలభై అయ్యాయి."

"సరే, ఇద్దరం కలిసి పెడదాం. ఎవరివి వాళ్లు."

ముంచింది. నేనూ నా ఊపిరి లెక్కపెట్టాను. ఆవిడ ట్రే పైకి తీసేసరికి నావి ఇరవై ఏడు.

అప్పుడు చూశాను ఆవిడని సరిగ్గా. అన్నేళ్లుగా పక్కపక్కనే పని చేస్తున్నాం, మనిషిని మనిషి చూసుకోవడం ఎప్పుడో మానేశాం. భుజాలు ఊపిరికోసారి లేచి పడుతున్నాయి, మెట్లెక్కి వచ్చిన మనిషికి మల్లే. పొద్దుట్నించి ఆవిడ ఆ స్టూలు మీంచి లేవలేదు.

"నీకెన్నయ్యాయి?" అంది.

"నాకూ నలభయ్యే" అన్నా.

"మరి?"

"కొత్త డ్రమ్ములో మందు పల్చగా ఉంది. ఇవాళ్టి నుంచి అరవై పెట్టండి."

ఆవిడ తొట్టి మీదికి వంగి వాసన చూసింది. ఆ వాసనతో పదిహేనేళ్ల స్నేహం ఆవిడకి. తల ఎత్తి, "పల్చగా ఉందా, సరే" అంది.

నాకు అప్పుడు అర్థం కాలేదని చెప్తే అబద్ధం. చక్కగా అర్థమైంది. నలభై ఊపిర్లు రెండున్నర నిమిషాల నుంచి నిమిషం నలభైకి పడిపోయాయంటే ఆ ఛాతీలో ఏదో చెడిందని తెలియడానికి పెద్ద చదువులు చదవాలా? ఆకుకి చిల్లు పడితే తొట్టి దాకా, డ్రమ్ము దాకా వెనక్కి వెళ్లి కారణం పట్టుకునేదాన్ని నేను. ఇక్కడా పట్టుకున్నాను. పట్టుకుని, లెక్క సరిచేసి ఊరుకున్నాను.

ఎందుకని అడిగితే చాలా చెప్పగలను. మా ఆయనకి చెప్తే షెడ్డుకి తాళం వేసి ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్తాడు, ఆర్డరు మునుగుతుంది. కళ్లజోడుకి నేను చెప్పిన పొటాష్ కథ బయటపడుతుంది. ఆవిడ ఆస్పత్రికి రానని మొండికేస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ ఆవిడని స్టూలు మీంచి లేపి నేనే ఫోన్ చూసుకుంటూ ముంచొచ్చు కదా? ఆ ఒక్కదానికి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. ఆ ఘాటు నాకు పడదు. అర్ధగంట కూర్చుంటే కళ్లు మండి తల పగిలిపోతుంది. ఒకరోజు ఆవిడే "ఇవాళ నువ్వు కూర్చోవే, నాకు ఓపిక లేదు" అంది. ఆరు ట్రేలు ముంచి, కళ్లు పులుముకుంటూ లేచొచ్చాను. "లే, నీ వల్ల కాదు" అని మళ్లీ తనే కూర్చుంది. నాకు బతికిపోయినట్టనిపించింది.

ప్రతి ఆదివారం ఆవిడ పక్కన నిలబడి ఫోన్‌లో సమయం చూసేదాన్ని. ఆవిడ ఊపిరి ఇంకా జోరందుకుంటే ఆ మేరకు అంకె పెంచేదాన్ని. తొట్టి పక్కన స్తంభం మీద సుద్దతో రాసేదాన్ని, మర్నాడు ఆవిడకి కనపడేలా. అరవై తుడిచి అరవై ఆరు. అరవై ఆరు తుడిచి డెబ్బై ఐదు. ముంచే సమయం మాత్రం రెండున్నర నిమిషాలు దాటలేదు, తగ్గలేదు. నత్తలు ఆగిపోయాయి. కళ్లజోడు ఫోన్ చేసి, "మీరన్నట్టే సర్దుకుంది, మీది మామూలు కన్ను కాదు" అన్నాడు. ఆ మాటకి నేను సంతోషపడ్డాను. నిజంగానే సంతోషపడ్డాను, అదే నాకిప్పటికీ మింగుడు పడదు.

మా ఆయన ఒకసారి స్తంభం చూసి "ఈ డెబ్బై ఐదేంటి?" అన్నాడు.

"మందు పాళ్లు" అన్నా.

ఆయన తల ఊపి వ్యాను కడగడానికి వెళ్లిపోయాడు. నా లెక్కల్లో వేలు పెట్టే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు.

ఆవిడ చిక్కింది. జాకెట్టు చేతులు వదులయ్యాయి. రెండు మెట్లెక్కి వంటింట్లోకి రావడానికి మధ్యలో ఆగి, ఆగినందుకు సాకుగా గుమ్మం మీద లేని దుమ్ము తుడిచేది. అయితే నాకు వీటన్నిటికంటే ఎక్కువ తెలిసొచ్చింది ఇంకొకటి. ట్రే ముంచి ఉన్నప్పుడు ఆవిడ నాతో పోట్లాడ్డం మానేసింది. నేను కావాలని గిన్నెలు జిడ్డుగా వదిలేసి చూశాను. చూసింది, ఏమీ అనలేదు. మాటలకి ఊపిరి మిగలడం లేదు.

తొమ్మిదో వారంలో మా ఆయన భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "అమ్మ బాగా పాడైంది. ఎవరికైనా చూపిద్దామా?"

"ఎండలు కదా, అందరం అలాగే ఉన్నాం" అన్నా. "ఇంకో మూడు వ్యాన్లు. అవి పంపేశాక తీరిగ్గా అన్ని పరీక్షలూ చేయిద్దాం."

"అంతేనంటావా?"

"అంతే."

ఆయన మొహం తేలికపడింది. ఆయనా ఆ మాట కోసమే అడిగాడేమో తెలియదు, ఆ తప్పు మాత్రం ఆయన మీద వెయ్యను. పక్కగదిలోంచి అత్తయ్య గొంతు వినపడింది. "తీరిగ్గానే పోదాంలేరా. నాకేం తొందర." మధ్యలో రెండుసార్లు ఆగి అంది ఆ నాలుగు ముక్కలూ.

తర్వాతి సోమవారం నేను షెడ్డులోకి వెళ్లేసరికి ఆవిడ అప్పటికే స్టూలు మీద ఉంది. స్తంభం మీద అంకె చూస్తోంది. ఎనభై నాలుగు.

"డ్రమ్ములో మందు ఎప్పటికి చిక్కబడుతుందే?" అంది.

నేను ట్రేలు సర్దుతున్నట్టు వంగాను.

"వంద దాటితే ఏం చేస్తావ్?"

"దాటదులెండి."

"కణుపులు చాలట్లేదు మరి. తిరిగి తిరిగి పెట్టుకోవాల్సొస్తోంది." నవ్వబోయింది, అది దగ్గులోకి పోయింది. దగ్గు ఆగాక మూతి తుడుచుకుని, "ఇవ్వు ట్రే" అంది.

ఇచ్చాను.

తెలుసు ఆవిడకి. ఆ రోజే నాకు రూఢి అయింది. నేను నోరు విప్పుతానేమో అని ఒక్క నిమిషం చూసిందనిపించింది. విప్పలేదు. నేను విప్పనందుకు ఆవిడా అడగలేదు. మా ఇద్దరికీ మధ్య ఆ అంకె ఒక్కటే ఉండేది, అది వారం వారం పెరిగేది.

ఆఖరి వ్యాను పన్నెండో వారంలో. ముందురోజు నేను స్తంభం మీద తొంభై రెండు రాశాను. రాస్తుంటే సుద్ద విరిగింది. ఇది ఆఖరు, రేపటితో అయిపోతుంది, ఎల్లుండి ఆస్పత్రి అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను.

సోమవారం పొద్దున ముప్ఫై ట్రేలు అయ్యాయి. ఇంకా నాలుగు ఉన్నాయి. మా ఆయన బయట వ్యానులోకి ఎక్కిస్తున్నాడు. నేను గడప దగ్గర కూర్చుని ఆకులు ఏరుతున్నాను. ఆవిడ పిలిచింది.

"ఎంతదాకా వచ్చానే?"

పదిహేనేళ్లలో ఆ మాట ఆవిడ నోటి నుంచి వినలేదు. లేచి వెళ్లాను. ట్రే ఇంకా నీళ్లలోనే ఉంది. ఆకుల అంచులు తెల్లబడుతున్నాయి. ఆవిడ నా వైపే చూస్తోంది గానీ పెదవులు నీలంగా ఉన్నాయి, భుజాలే కాదు, మెడ నరాలు కూడా ఊపిరికోసారి లోపలికి లాగుకుపోతున్నాయి.

నేను ముందు ట్రే తీశాను. మంచినీళ్ల తొట్లో పడేశాను. ఆ తర్వాత ఆవిడని పట్టుకున్నాను.

మా ఆయన పరిగెత్తుకొచ్చి తల్లిని రెండు చేతులమీదా ఎత్తుకుని వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. "రా, ఎక్కు" అని అరిచాడు నన్ను. "వస్తున్నా" అని లోపలికి వెళ్లాను. తడిగుడ్డ తీసుకుని స్తంభం తుడిచాను. ఒకసారి తుడిస్తే తెల్లగా మరక మిగిలింది. రెండోసారి తుడిచి వచ్చి వ్యానెక్కాను.

ఆస్పత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ ఒకావిడ చూసింది. మూతికి ఆక్సిజన్ గొట్టం తగిలించి, చేతి గడియారం చూసుకుంటూ అత్తయ్య ఛాతీ లేచిపడడం లెక్కపెట్టింది. "నిమిషానికి నలభై రెండు" అని నర్సుకి చెప్పింది. తర్వాత మా ఇద్దరి వైపు తిరిగింది.

"ఈ ఆయాసం ఎప్పట్నించి?"

మా ఆయన నన్ను చూశాడు.

"సరిగ్గా చెప్పండి" అంది డాక్టరమ్మ. "వారం పది రోజులైతే లోపల చీము పట్టిందనుకుని దానికి మందిస్తాం. నెలల నుంచి ఉంటే ఊపిరితిత్తే గట్టిపడిపోతున్నట్టు, దానికి వైద్యం వేరు. స్కానింగు మిషను పాడైంది, బాగయ్యేసరికి మూడు నాలుగు రోజులు పడుతుంది. అందాకా మీరు చెప్పేదాన్ని బట్టే మందు."

"నువ్వేగా రోజంతా అమ్మతో ఉండేది, చెప్పు" అన్నాడు మా ఆయన.

ఏడు వారాలు. ఏ వారం ఎంతో, ఎంత నుంచి ఎంతకి వెళ్లిందో అన్నీ నాలుక చివర ఉన్నాయి. ఈ భూమ్మీద ఇంకెవరూ ఆ మనిషి ఊపిరిని అంత కచ్చితంగా కొలిచి ఉండరు. మా ఆయన మొహం చూశాను. చెమట కారిపోతోంది, చొక్కాకి ఇంకా ఆకు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"వారం, పది రోజుల నుంచండీ" అన్నా.

డాక్టరమ్మ రాసుకుంటోంది. మంచం మీద అత్తయ్య కళ్లు తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తోంది. తిడుతుందేమో అనుకున్నా, తిట్టాలనీ అనుకున్నా. చెయ్యి మెల్లగా పైకి తీసుకెళ్లి గొట్టం పక్కకి జరిపింది.

"వారమే" అంది. ఊపిరి తీసుకుంది. "ముందు... బాగానే ఉన్నా."

గొట్టం మళ్లీ తనే మూతి మీద పెట్టుకుంది.

నాలుగు రోజులు చీముకి మందిచ్చారు. ఐదో రోజు స్కానింగు తీశారు. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి, "ఇది వారం సంగతి కాదు" అంది. "ఏం పని చేస్తారావిడ?" మా ఆయన బ్లీచింగ్ సంగతి చెప్పాడు. పదిహేనేళ్లు అని చెప్పాడు. డాక్టరమ్మ ఫిల్ము దించింది. రెండు నెలల ముందు ఆ నీళ్ల దగ్గర్నుంచి లేపి తీసుకొచ్చుంటే ఇంకొన్నేళ్లు నిలబెట్టేవాళ్లమేమో అంది. మా ఆయన తల్లి చెయ్యి పట్టుకుని "ఎందుకు దాచావమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆయన చేతి మీద రెండుసార్లు తట్టింది.

మర్నాడు ఆయన మందులకి వెళ్లినప్పుడు మేమిద్దరమే ఉన్నాం. నేను మంచం పక్కన కింద కూర్చున్నాను, మొహం ఆవిడకి కనపడకుండా.

"అత్తయ్యా, ఆయనకి చెప్పేస్తాను."

గొట్టం బుసబుసమంటోంది. ఆవిడ దాన్ని ఎత్తి, ఒక్కో ముక్కకీ ఆగుతూ అంది.

"చెప్తే... నాకేం ఒరుగుతుంది ఇప్పుడు? వాడికి... నేనెలాగూ ఉండను. నువ్వు కూడా... లేకుండా చేసుకోకు."

నేను ఆవిడ కాళ్లు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు.

తొమ్మిదో రోజు పోయింది. హాలు అనుకున్న రోజుకే తెరిచారు. ఆస్పత్రి దగ్గర్నుంచే మనిషిని పెట్టి పంపిన మా ఆఖరి వ్యానులో ఒక్క నత్త లేదని కళ్లజోడు చెప్పాడు, పరామర్శకి వచ్చినప్పుడు.

షెడ్డులో ముంచే పని ఇప్పుడు నేనే చేస్తున్నాను, ఫోన్ గోడకి వేలాడదీసుకుని. కళ్లు మండుతాయి. మండనీ అనుకుంటాను.

పరామర్శకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. మా ఆయన అందరికీ ఒకేలా చెప్తాడు. "మా అమ్మ ఒట్టి మొండిది. నెలల తరబడి ఊపిరాడకపోతే ఒక్కమాట చెప్పలేదు. ఇదిగో, ఈవిడ రోజంతా పక్కనే కూర్చుని పని చేసేది, ఈవిడక్కూడా తెలియనివ్వలేదు."

అంటూ నన్ను చూపిస్తాడు. వచ్చినవాళ్లు నా వైపు జాలిగా చూస్తారు. నేను ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్తాను.